జర దమ్ము తీసుకో!

ఉబ్బసం పూర్తిగా వదిలి వెళ్లే జబ్బు కాదు. కానీ దాని వేళలూ, అలవాట్లూ తెలిస్తే... పత్తి చేనుకైనా పోవచ్చు, పెళ్లి బరాత్‌లో చిందైనా వేయొచ్చు! నల్గొండ, పాలమూరు పల్లెల్లో దమ్ముతో బతకడం ఎలా?

మృగశిర కార్తె దగ్గర పడుతోందంటే చాలు... దేవరకొండ, నాగర్‌కర్నూల్, నారాయణపేట వైపు నుంచి హైదరాబాద్ వచ్చే బస్సుల్లో దగ్గులు వినిపిస్తాయి. ఒడిలో పిల్లాణ్ని కూర్చోబెట్టుకున్న తల్లి, కొడుకు భుజం పట్టుకుని మెల్లగా మెట్లెక్కే ముసలాయన, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్న కోడలు... ఇమ్లీబన్‌లో దిగి నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్ దారి పడతారు. అక్కడ బత్తిని కుటుంబీకులు వేలెడంత కొరమీను పిల్ల నోట్లో పసుపురంగు ముద్ద పెట్టి, బతికుండగానే గొంతులో వేస్తారు. చేప తినని వాళ్లకు బెల్లంతో ఇస్తారు. 1845 నుంచి ఇస్తున్నామని ఆ కుటుంబం చెబుతుంది. ముద్దలో ఏం కలుపుతారో మాత్రం చెప్పదు. కోవిడ్ వల్ల 2020 నుంచి మూడేళ్లు ఆగింది. 2023 జూన్‌లో మళ్లీ మొదలైతే జనం మళ్లీ బారులు తీరారు. ఒకప్పుడు ‘చేపమందు’ అనేవారు. శాస్త్రీయ ఆధారం చూపమని జనవిజ్ఞాన వేదిక లాంటి సంఘాలు నిలదీశాక ‘చేప ప్రసాదం’ అయింది.

అసలు చిక్కు చేప మింగిన తర్వాత మొదలవుతుంది. 45 రోజుల పథ్యం. ఆ పథ్యంలో పడి, అప్పటిదాకా వాడుతున్న ఇన్‌హేలర్‌ను కూడా కొందరు అటకెక్కిస్తారు. మొదటి వానలకు దుమ్ము అణిగి కొందరికి ఊపిరి తేలిక పడుతుంది కూడా. ‘చూశావా, చేప పని చేసింది’ అనుకుంటారు. ఉబ్బసం గుణమే అంత... మందేసినా వేయకున్నా కొన్నాళ్లు తగ్గుతుంది, కొన్నాళ్లు పెరుగుతుంది. ముసురు పట్టి, గోడలకు బూజు పట్టి, ఇంట్లో ఒకరి తర్వాత ఒకరికి జలుబు చేసేసరికి మళ్లీ మొదటికొస్తుంది. అప్పుడు చేతిలో ఏ మందూ ఉండదు!

లోపల ఏం జరుగుతుంది?

ఊళ్లల్లో దీన్ని ‘దమ్ము’ అంటారు. ఆయుర్వేద గ్రంథాలు ‘తమక శ్వాస’ అన్నాయి. పేరేదైనా కథ ఒకటే. ఊపిరితిత్తుల్లోకి గాలిని తీసుకెళ్లే గొట్టాల లోపలి పొర ఎప్పుడూ కాస్త వాచి, ఎర్రబడి ఉంటుంది. ఏమాత్రం దుమ్మో, పొగో, చలిగాలో తగిలితే చాలు... గొట్టాల చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుపోతాయి. లోపల చిక్కటి కఫం ఊరుతుంది. అసలే ఇరుకైన దారి మరింత ఇరుకవుతుంది. పీల్చిన గాలి బయటికి రావడానికి తంటాలు పడుతుంది. ఆ చప్పుడే పిల్లికూతలు.

ఎక్కువమందికి ఇది రాత్రి రెండు దాటాక, తెల్లవారుజామున వస్తుంది. శ్వాసనాళాలు సహజంగానే ఆ వేళకు కాస్త కుంచించుకుపోతాయి. పొద్దున పదింటికి డాక్టరు ముందు కూర్చునేసరికి మనిషి మామూలుగా ఉంటాడు. ‘రాత్రి పానం పోయినంత పనైంది సారూ’ అంటే పక్కనున్నవాళ్లే నమ్మరు. అందుకే ఊదే పరీక్ష... అదే స్పైరోమెట్రీ. ఊపిరి బలాన్ని కొలిచి, మందు పీల్పించి, మళ్లీ కొలుస్తారు. తేడా బాగా కనిపిస్తే ఉబ్బసమని తేలిపోతుంది.

ఈ పరీక్ష పాలమూరుకు మరీ అవసరం. ఇక్కణ్నుంచి కట్టడాల పనికి, మట్టి పనికి దేశమంతా వలస వెళ్లొచ్చినవాళ్లు ఊరూరా ఉన్నారు. వాళ్ల దగ్గులన్నీ ఉబ్బసం కాకపోవచ్చు. రెండు వారాలు దాటిన దగ్గయితే ముందు క్షయ ఉందేమో చూడాలి. షాద్‌నగర్ పరిసరాల్లో రాతిపొడి మిల్లుల్లో పనిచేసిన కూలీలకు సిలికోసిస్ సోకిన సంగతి గతంలోనే బయటపడింది. అది ఇన్‌హేలర్‌తో నయమయ్యేది కాదు. బీడీలు కాల్చే పెద్దవాళ్ల ఆయాసం మరో రకం. అన్నింటికీ ‘దమ్ము’ అని ఒకే పేరు పెట్టి ఒకే సూది వేయడంలోనే ఏళ్లు గడిచిపోతుంటాయి.

ఆముదం చెప్పిన పాఠం

దుమ్ము అంటే అన్నిచోట్లా ఒకటే దుమ్ము కాదు. మిర్యాలగూడలో అడుగుపెడితే రైస్‌మిల్లుల వరస. ఉప్పుడు బియ్యం బాయిలర్లలో కాలే ఊక, గాల్లో తేలే తవుడు. హమాలీ బస్తా ఎత్తిన ప్రతిసారీ ఒక గుప్పెడు ముక్కులోకే. కృష్ణా తీరంలో వాడపల్లి, మేళ్లచెరువు వైపు సిమెంటు. పోచంపల్లి మగ్గాల మధ్య నూలు నుసి. దసరా నుంచి సంక్రాంతి దాకా పత్తి ఏరే ఆడవాళ్లకు ఎండిన ఆకు పొడి, మంచు, చలి మూడూ కలిసి తగులుతాయి. వానాకాలం చివర్న చూస్తే, ఖాళీ జాగా కనిపించిన చోటల్లా వయ్యారిభామ తెల్లగా పూసి ఉంటుంది. ఎక్కడో అమెరికా ఖండం నుంచి వచ్చి, 1950ల్లో మన దేశంలో కంటబడ్డ ఆ మొక్క పుప్పొడికి తుమ్ములతో మొదలై ఆయాసం దాకా వెళ్లేవాళ్లున్నారు. పీకి పారేసేటప్పుడు ముక్కుకు గుడ్డ, చేతులకు తొడుగు తప్పనిసరి. అదీ పూత రాకముందే.

ఇక ఆముదం. నీళ్లు లేని నల్గొండ, మహబూబ్‌నగర్ చెలకల్లో తరాల తరబడి పండిన పంట. పత్తి వచ్చాక తగ్గింది కానీ పోలేదు. అమెరికాలోని టొలెడో పట్నంలో ఒక ఆముదం మిల్లు చుట్టుపక్కల ఇళ్లవాళ్లకు ఉబ్బసం ఎందుకొస్తోందో తెలియక తలలు పట్టుకుంటే, మిల్లు నుంచి గాలికొచ్చే ఆముదపు గింజల పొడే కారణమని 1928లో ఇద్దరు వైద్యులు తేల్చారు. స్పెయిన్‌లోని బార్సిలోనాలోనూ ఇలాంటిదే. 1981 నుంచి 1987 మధ్య అక్కడ 26 సార్లు ఉన్నట్టుండి జనం ఆయాసంతో ఆసుపత్రుల మీద పడ్డారు. ఓడల నుంచి సోయా గింజలు దించిన రోజుల్లోనే ఇలా అవుతోందని చివరికి తెలిసింది. గోదాములకు దుమ్మును ఆపే ఫిల్టర్లు బిగించాక ఆ బెడద పోయింది.

అంటే... తప్పు మనిషి ఊపిరితిత్తులదే కాదు. మిల్లులో దుమ్ము పీల్చే యంత్రం పెట్టించడం యజమాని పని. అది జరిగేదాకా తడిగుడ్డ కట్టుకోవడం కంటే మూతికి సరిగ్గా అమరే మాస్కు నయం. ఆదివారం, పండగ సెలవుల్లో హాయిగా ఉండి, పనిలోకి వెళ్లగానే ఆయాసం మొదలవుతోందా? ఆ మాట డాక్టరుకు తప్పకుండా చెప్పాలి. వాళ్లు అడగకపోయినా సరే!

‘అది పెడితే ఇక అంతే’నా?

ఇన్‌హేలర్ అనగానే మన ఇళ్లల్లో వినిపించే మాట ఇదే. ఒకసారి అలవాటైతే వదలదని, ముదిరిన జబ్బుకే ఇస్తారని భయం. ఆడపిల్ల అయితే మరీ... సంబంధాలు చెడిపోతాయని అటక మీద బియ్యం డబ్బా వెనక దాచే తల్లులున్నారు. అదే తల్లి, గోలీ అయితే నిశ్చింతగా మింగిస్తుంది. లెక్క చూస్తే నవ్వొస్తుంది. సాల్బుటమాల్ గోలీ ఒకటి 4 మిల్లీగ్రాములు. ఇన్‌హేలర్ ఒక్కసారి నొక్కితే వచ్చేది 100 మైక్రోగ్రాములు. అంటే ఒక గోలీ 40 నొక్కుళ్లతో సమానం! గోలీ మందు ఒళ్లంతా తిరిగి, చేతులు వణికించి, గుండె దడ పుట్టించి ఆ తర్వాతెప్పటికో ఊపిరితిత్తులకు చేరుతుంది. పీల్చిన మందు నేరుగా చేరాల్సిన చోటికే పోతుంది.

ఈ డబ్బా పుట్టిందే ఓ పిల్ల అడిగిన ప్రశ్నతో. 1955లో అమెరికాలో ఒక మందుల కంపెనీ అధిపతిని పదమూడేళ్ల కూతురు అడిగింది... జుట్టుకు కొట్టుకునే స్ప్రే డబ్బాలో నా ఉబ్బసం మందు ఎందుకు పెట్టరని. మరుసటి ఏడాదికి అది మార్కెట్లోకి వచ్చింది.

ఇన్‌హేలర్లలో రెండు రకాలు. ఆయాసం వచ్చినప్పుడు బిగుసుకున్న కండరాన్ని వదులు చేసేది ఒకటి. సాధారణంగా నీలం రంగులో ఉంటుంది. రంగును నమ్ముకోవడం కంటే పేరు చూసుకోవడం మేలు. రెండోది లోపలి వాపును తగ్గించేది. అతి తక్కువ మోతాదు స్టెరాయిడ్. ఇది తీసుకున్న క్షణాన ఏమీ తెలియదు. రోజూ వాడితే కొన్ని వారాల్లో ఫలితం కనిపిస్తుంది. అక్కడే వస్తుంది తంటా. వెంటనే హాయినిచ్చే నీలంది అందరికీ ముద్దు, రెండోది వృథా ఖర్చనిపిస్తుంది. నీలందొక్కటే నమ్ముకుంటే ప్రమాదమని, పెద్దవాళ్లూ కౌమారంలో ఉన్నవాళ్లూ వాపు తగ్గించే మందు ఏదో ఒక రూపంలో వాడాల్సిందేనని ఉబ్బసంపై పనిచేసే అంతర్జాతీయ సంస్థ ‘గినా’ 2019లో తేల్చి చెప్పింది. స్టెరాయిడ్ పేరు వింటే హడలిపోయేవాళ్లే, ఊళ్లో ఆర్‌ఎంపీ నెలకోసారి వేసే సూదిలో ఏముందో అడగరు. ఒళ్లు ఉబ్బరించేది, షుగర్ పెంచేది, ఎముకలు గుల్ల చేసేది ఆ అలవాటే.

ప్రపంచంలోని ఉబ్బస రోగుల్లో మన దేశంలో ఉన్నది సుమారు 13 శాతమైతే, మరణాల్లో మన వాటా 40 శాతం పైనేనని అంచనా. మందు లేక కాదు. సాల్బుటమాల్, బుడెసొనైడ్ రెండూ దేశ అత్యవసర మందుల జాబితాలో ఉన్నవే. కానీ బీపీ గోలీ దొరికినంత తేలిగ్గా పల్లె దవాఖానాల్లో రెండో రకం ఇన్‌హేలర్ దొరకదు. అడిగేవాళ్లుంటేనే తెప్పిస్తారు. నల్గొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో ఇప్పుడు ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. ప్రతిదానికీ ఎర్రగడ్డ ఛాతీ దవాఖానా దాకా పరుగెత్తాల్సిన రోజులు కావు.

మందు చేతికొస్తే సరిపోదు, పీల్చడం రావాలి. డబ్బా రకమైతే ఊపి, ఊపిరంతా వదిలి, నొక్కుతూ నెమ్మదిగా పీల్చి, పది సెకన్లు బిగబట్టాలి. పొడి గొట్టాలు పెట్టి తిప్పే రకమైతే అందుకు పూర్తిగా తిరకాసు... గట్టిగా, వేగంగా లాగాలి. ఆ గొట్టాన్ని మామూలు గోలీలా నీళ్లతో మింగేసేవాళ్లూ ఉన్నారంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. వానాకాలంలో పొడికి చెమ్మ తగలకుండా చూసుకోవాలి. స్టెరాయిడ్ రకం వాడాక నోరు పుక్కిలించి ఉమ్మేయాలి. లేదంటే నాలుక మీద తెల్లటి పూత వస్తుంది.

సీతాఫలం చేసిన పాపమేంటి?

దసరా రోజుల్లో పాలమూరులో బాలానగర్ సీతాఫలాలు గంపలకొద్దీ వస్తాయి. ఉబ్బసమున్న పిల్లలు మాత్రం పక్కవాళ్లు తింటుంటే చూస్తూ కూర్చోవాలి! పెరుగొద్దు, అరటిపండొద్దు, ‘సల్వ’ చేసేదేదీ వద్దు. తిన్న ప్రతిసారీ ఆయాసం వస్తోందని కళ్లారా చూస్తే తప్ప ఏ పండునూ నిషేధించనక్కర్లేదు. అసలు దోషి ఎక్కువగా వంటింట్లోనో, మంచం కిందో ఉంటుంది. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో దీపం పథకం వచ్చింది, 2016లో ఉజ్వల వచ్చింది. అన్నం గ్యాసు మీద వండినా, స్నానాలకు నీళ్లు ఇంకా చాలా వాకిళ్లలో కట్టెల పొయ్యి మీదే కాగుతున్నాయి. ఇక దోమల చుట్ట... ఒక్కటి కాలితే వచ్చే సన్నటి నుసి 75 నుంచి 137 సిగరెట్ల పొగతో సమానమని 2003లో వెలువడిన ఓ పరిశోధన లెక్క గట్టింది. దోమతెరకు ఇంతకంటే ప్రచారం అక్కర్లేదు. దుప్పట్లు వారానికోసారి వేణ్నీళ్లలో ఉతికి ఎండలో వేయడం, పండగ ముందు ఇల్లు దులిపే రోజు ఉబ్బసమున్నవాళ్లను పక్కింటికి పంపడం... ఖర్చులేని పనులు.

ఒళ్లు నొప్పులకు రోజూ గోలీ వేసుకునే హమాలీలు ఒకటి గుర్తుంచుకోవాలి. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ జాతి గోలీలు కొందరిలో ఉబ్బసాన్ని ఒక్కసారిగా రెచ్చగొడతాయి. గర్భిణులైతే కడుపులో బిడ్డకు భయపడి ఇన్‌హేలర్ మానేస్తుంటారు. తల్లికి ఊపిరాడకపోతే బిడ్డకూ ఆడదు. డాక్టరుకు చెప్పి కొనసాగించడమే క్షేమం.

అర్ధరాత్రి వస్తే...

పడుకోబెట్టొద్దు. నిటారుగా కూర్చోబెట్టి, చుట్టూ మూగిన జనాన్ని పంపించి, నీలం ఇన్‌హేలర్ స్పేసర్‌లో పెట్టి ఒక్కొక్కటిగా నాలుగు సార్లు ఇవ్వాలి. ఒక్కోదానికీ నాలుగు ఊపిర్లు. నాలుగు నిమిషాలు చూసి, తగ్గకపోతే మళ్లీ నాలుగు. అప్పటికీ తగ్గకపోతే 108కి ఫోను. వాహనం వచ్చేదాకా ఇలాగే ఇస్తుండాలి. ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోయినా, పెదవులు నీలంగా మారినా, పిల్లాడి పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పీక్కుపోతున్నా ఎదురుచూడనే వద్దు. విపరీతమైన ఆయాసంలో పిల్లికూతలు హఠాత్తుగా ఆగిపోతే తగ్గిందని సంబరపడకూడదు. గాలి కదలడమే ఆగిపోతోందని అర్థం.

స్పేసర్ కొనే స్తోమత లేకపోతే? దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ వైద్యులు అర లీటరు కూల్‌డ్రింక్ ప్లాస్టిక్ సీసానే పిల్లలకు వాడి చూశారు. కొన్న స్పేసర్‌కు అది దీటుగా పనిచేసిందని 1999లో ప్రకటించారు. సీసాను సబ్బునీళ్లతో కడిగి, తుడవకుండా గాలికి ఆరనిచ్చి, అడుగున ఇన్‌హేలర్ మూతి బిగుతుగా పట్టేంత రంధ్రం చేస్తే చాలు. సీసా మూతి పిల్లాడి నోట్లో... ఇన్‌హేలర్ అటు చివర. ఏ ఊరి కిరాణా కొట్టు ముందైనా దొరికే సీసాయే.