సామాజిక మాధ్యమాలు - స్వీయచిత్రణలో సత్యమెంత?

మానవుడు సంఘజీవి. నలుగురి కన్నులకు తానెట్లా కనబడుతున్నాడన్న చింత అతనితోపాటే పుట్టింది. పెళ్లిచూపుల నాడు పొరుగింటి కుర్చీలు తెచ్చి వేయడం, అరువు నగలు పెట్టుకొని విందుకు వెళ్లడం మన పెద్దలు ఎరుగని విద్యలు కావు. ఫేస్‌బుక్ 2004లోను, ఇన్‌స్టాగ్రామ్ 2010లోను పుట్టాయి. ఆడంబరం వాటికంటె వేల సంవత్సరాలు పెద్దది. కాబట్టి ఈ కాలపు పిల్లలంతా అబద్ధాల లోకంలో బతుకుతున్నారని పెద్దలు చేసే నిందను ఉన్నదున్నట్లుగా అంగీకరించనక్కరలేదు. అలాగని "మా ఫోటో, మా ఇష్టం" అన్న యువకుల సమాధానంతోనూ విషయం తేలిపోదు. సామాజిక మాధ్యమాలలో మనిషి తన బతుకును ఎంత నిజాయితీగా చూపుతున్నాడో, ఆ చూపడంలో తప్పిపోయే అంశం వల్ల ఎవరు నష్టపోతున్నారో కొంచెం నిదానంగా విచారించవలసి ఉన్నది.

ఛాయాచిత్రకళ మన ప్రాంతానికి వచ్చిన నాటి సంగతి ఒకసారి గుర్తుచేసుకుందాం. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్ దయాళ్ 1892లో హైదరాబాదులో స్త్రీల కోసం ప్రత్యేకంగా ఒక జనానా స్టూడియో నెలకొల్పాడు. సంపన్న కుటుంబాల స్త్రీలు పరదా మర్యాదకు భంగం లేకుండా అక్కడ చిత్రాలు తీయించుకునేవారు. తరువాతి కాలంలో చిన్న పట్టణాలకు కూడా స్టూడియోలు వచ్చాయి. వెనుక ఒక రంగుల పరదా, దానిమీద తాజమహలో, పూలతోటో, మోటారుకారో ఉండేది. మేకుకు ఒక కోటు, ఒక టై వేలాడుతుండేవి. వచ్చినవాడు ఆ కోటు తొడుక్కొని, తల దువ్వుకొని, పరదా ముందు నిలబడి ఫోటో దిగేవాడు. ఆ ఫోటో ఇంటి గోడకు ఎక్కేది. దానిని చూసి ఆ కోటు అతనిదేనని, ఆ తాజమహలు దగ్గరకు అతడు నిజంగా వెళ్లాడని ఎవరూ భ్రమపడలేదు. ఎందుకంటే ఊరిలో ప్రతి ఇంటి గోడమీదా అదే కోటు, అదే తాజమహలు. పరదా అని అందరికీ తెలిసిన పరదా అది.

నేటి పరదా పరదాగా కనబడదు. అసలు తేడా ఇక్కడే ఉన్నదని నేననుకుంటాను. స్నేహితుని బండిమీద కూర్చుని తీసుకున్న సెల్ఫీ, ఇరవైసార్లు తీసి ఎన్నుకున్న ఒక చిరునవ్వు, ముఖంమీది మచ్చలను చెరిపివేసే ఫిల్టరు, ఇవన్నీ సహజమైన దైనందిన జీవితపు ముక్కలుగానే మన చేతికి వస్తాయి. పైగా స్టూడియో ఫోటో పదేళ్లకొకటి, ఇది పూటకొకటి.

అయితే ఇందులో పచ్చి అబద్ధాలు ఎన్ని? మనం అనుకున్నంత ఎక్కువ కావని పరిశోధకులు చెబుతున్నారు. అమెరికాలో అంతర్జాలం ద్వారా జీవిత భాగస్వామిని, స్నేహాన్ని వెదకుకొనే 80 మందిని న్యూయార్కు నగరంలో పిలిపించి, వారు తమను గురించి రాసుకున్న వివరాలను పరీక్షించిన అధ్యయనం ఒకటి 2008లో వెలువడింది. ఎత్తును కొలిచారు, బరువును తూచారు, వయస్సును లైసెన్సులో చూశారు. నూటికి ఎనభై ఒక్కరు ఏదో ఒక విషయంలో సత్యం నుండి తొలగినవారే. కాని ఆ తొలగడం చాలా స్వల్పం: ఎత్తులో కొద్దిగా ఎక్కువ, బరువులో కొద్దిగా తక్కువ. ఎదురుపడినప్పుడు పట్టుబడనంత మేరకే అబద్ధం. 2010లో అమెరికా, జర్మనీ దేశాలకు చెందిన 236 మంది పుటలను అపరిచితుల చేత చదివించినప్పుడు, చదివినవారికి కలిగిన అభిప్రాయం ఆ వ్యక్తుల ఆదర్శ స్వరూపానికి గాక, వారి అసలు స్వభావానికే దగ్గరగా ఉన్నదని మరొక పరిశోధనలో తేలింది. దీనికి కారణం ఊహించడం కష్టం కాదు. మన పుటను చూసేవారిలో మనతో చదివినవారు, మన వీధివారు, మన పినతల్లి పిల్లలు ఉంటారు. కోట కట్టితే కూల్చడానికి వారు చాలు.

మరి అసత్యం ఎక్కడ ఉన్నట్లు? చెప్పినదానిలో కంటె చెప్పకుండా వదలినదానిలో ఉన్నది. రోజుకు ఇరవైనాలుగు గంటలు. అందులో బస్సు కోసం నిలబడ్డ గంట, ఫీజు గురించి తండ్రితో వాదన, అర్థంకాని పాఠం, ఇంట్లో రోగి, ఇవి స్టేటస్‌కు ఎక్కవు. స్నేహితులతో బిర్యానీ తిన్న పది నిమిషాలు ఎక్కుతాయి. ఆ పది నిమిషాలు నిజమే. పెట్టినవాడు అబద్ధమాడలేదు. కాని అటువంటి పది నిమిషాలను నూటయాభై మంది దగ్గరనుండి ఏరి తెచ్చి వరుసగా ఒకనికి చూపితే, లోకమంతా బిర్యానీ తింటున్నదని, తానొక్కడే బస్సు కోసం నిలబడ్డాడని అతనికి తోస్తుంది. 2012లో అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయంలో 425 మంది విద్యార్థులను విచారించినప్పుడు, ఫేస్‌బుక్ ఎక్కువకాలంగా వాడుతున్నవారు ఇతరులు తమకంటె సుఖంగా ఉన్నారని ఎక్కువగా భావిస్తున్నట్లు కనబడింది. ఒక్కొక్కటిగా చూస్తే సత్యమైన చిత్రాలే. అన్నీ కలిసి ఒక అసత్యాన్ని పుట్టిస్తున్నాయి.

మనిషి ఇట్లా ఏరి చూపడానికి కేవలం గర్వమే కారణమా? నేను అట్లా తలచను. సమాజ శాస్త్రవేత్త ఎర్వింగ్ గోఫ్‌మన్ 1959 నాటి తన గ్రంథంలో నిత్యజీవితాన్ని నాటకరంగంతో పోల్చాడు. ప్రేక్షకుల ముందు ఒక తీరు, తెర వెనుక మరొక తీరు. తండ్రి ముందు, గురువు ముందు, స్నేహితుల ముందు మనం వేర్వేరుగా మాట్లాడతాం. అది కపటం కాదు, మర్యాద. సామాజిక మాధ్యమం ఈ ప్రేక్షకులందరినీ ఒకే చాపమీద కూర్చోబెట్టింది. అబ్బాజాన్, పెదనాన్న, ప్రిన్సిపాలుగారు, తరగతి మిత్రుడు, రేపు సంబంధం కలుపుకోబోయేవారు, అందరూ ఒకే ఫోటోను చూస్తారు. ఇంతమందికీ ఒక్కసారిగా చెప్పదగినది ఏమున్నది? "బాగున్నాను" అన్న మాట ఒక్కటే.

మీర్జా గాలిబ్ ఉత్తరాలు చదివిన ఉర్దూ విద్యార్థులకు ఈ సంగతి సులభంగా బోధపడుతుంది. తన అప్పులు, 1857 తరువాత ఆగిపోయిన పింఛను, ఒంటిమీది పుండ్లు, మద్యం మీద తన మోజు, ఏదీ దాచకుండా ఆయన మిత్రులకు రాసుకున్నాడు. అదే గాలిబ్, 1858లో ఆ ఉత్తరాలను అచ్చువేస్తామని మిత్రులు అడిగినప్పుడు మొదట వద్దన్నాడు. తరువాత ఒప్పుకున్నాడు, 1868లో 'ఊద్-ఎ-హిందీ' వెలువడింది. ఒక్కనికి రాసే ఉత్తరంలో ఉండే నిజాయితీ వేరు, వేయిమందికి వేసే అచ్చులో ఉండే జాగ్రత్త వేరు. నేటి విద్యార్థి అచ్చువేసే పనిని ఉత్తరం రాసే పనిగా భావించి చేస్తున్నాడు.

దీనికి తోడు యంత్రం ఒకటి ఉన్నది. 2009లో ఫేస్‌బుక్ లైక్ గుర్తును ప్రవేశపెట్టింది. అంతవరకు మెప్పు నోటిమాటగా ఉండేది. అప్పటినుండి అంకెగా మారింది. ఆ అంకె నలుగురికీ కనబడుతుంది. ఎక్కువమంది స్పందించే చిత్రాన్నే యంత్రం మరింతమందికి చూపుతుంది. కావలసినవారు ఆ అంకెను దాచుకొనే ఏర్పాటును 2021లో కల్పించారుగాని, దాచుకొనేవారెందరు?

ఇక ఈ వదలివేత వల్ల నష్టం ఎవరికి అన్న ప్రశ్న. మన ప్రాంతానికి బాగా తెలిసిన ఉదాహరణ గల్ఫు వలస. 1970ల నుండి కరీంనగర్, నిజామాబాద్, కడప జిల్లాల నుండి, హైదరాబాదు పాతబస్తీ నుండి మనవారు ఆ దేశాలకు వెళుతున్నారు. తొలిరోజులలో ఉత్తరాలు వచ్చేవి, మాటలు రికార్డు చేసిన క్యాసెట్లు వచ్చేవి. ఇప్పుడు బుర్జ్ ఖలీఫా ముందు నిలబడ్డ ఫోటో ఆ క్షణంలోనే వస్తుంది. ఒకే గదిలో ఒకదానిపై ఒకటిగా వేసిన మంచాలు, మండుటెండలో పన్నెండు గంటల పని, యజమాని దగ్గర ఉండిపోయిన పాస్‌పోర్టు ఆ ఫోటోలో ఉండవు. ఆ కుమారుడు వాటినెందుకు దాచాడు? అమ్మ ఏడవకూడదని. ఇంతకంటె గొప్ప ప్రేమ ఏమున్నది? కాని అదే ఫోటోను ఎదురింటి కుర్రవాడు కూడా చూశాడు. ఇంటర్మీడియెట్ మానేసి, తల్లి పుస్తెలు కుదువపెట్టించి, ఏజెంటు చేతిలో డబ్బు పోశాడు. తల్లికి ఓదార్పు అయినది పొరుగువానికి ప్రకటన అయింది. అమెరికా విశ్వవిద్యాలయపు పచ్చికమీద నిలబడ్డ విద్యార్థి చిత్రం వెనుక ఉన్న విద్యారుణం, అర్ధరాత్రి దాకా చేసే చిల్లర పని కూడా ఇట్లాంటివే. ఆ చిత్రాన్ని చూసి ఇక్కడ ఇల్లు తాకట్టు పెట్టే తండ్రులు ఉన్నారు.

ఈ సందర్భంలో ఇమాం గజాలీని స్మరించకుండా ఉండలేను. 1058 నుండి 1111 వరకు జీవించిన ఆ మహానుభావుడు తన 'ఇహ్యా ఉలూముద్దీన్'లో రియా, అనగా పరులు చూడాలని చేసే ప్రదర్శనను గురించి ఒక భాగమే రచించాడు. మనిషి శరీరంతో, దుస్తులతో, మాటలతో, చేతలతో, చివరకు తన చుట్టూ చేరే మనుషులతో కూడా ప్రదర్శన చేయగలడని ఆయన వివరించాడు. ఇందులో ఆశ్చర్యకరమైన విషయం, పట్టుబట్టల వలెనే మాసిన బట్టలు, దువ్వని జుట్టు, చిక్కిన దేహం కూడా రియాకు సాధనాలు కాగలవని ఆయన గుర్తించడం. ఆ సూక్ష్మదృష్టి నేటికీ పనికివస్తున్నది. 2015లో ఆస్ట్రేలియాకు చెందిన ఎసెనా ఓనీల్ అనే యువతి, లక్షలాది అనుచరులున్న తన ఇన్‌స్టాగ్రామ్ పుటలో అనేక చిత్రాలను తొలగించి, మిగిలిన వాటి కింద అసలు సంగతులు రాసింది: పొట్ట బాగా కనబడడానికి ఎన్నిసార్లు తీయించుకున్నదో, ఏ దుస్తులకు ఎంత డబ్బు పుచ్చుకున్నదో. మెచ్చుకున్నవారు మెచ్చుకోగా, ఇది కూడా ప్రచారం కోసమేనని తెగడినవారూ ఉన్నారు. ఫ్రాన్సులో పుట్టిన బీరియల్ అనే యాప్ రోజుకొకసారి, ముందుగా తెలియని వేళలో గంట కొట్టి, రెండు నిమిషాలలో ఉన్నదున్నట్లు ఫోటో పెట్టమంటుంది. 2022లో దానికి గొప్ప ఆదరణ లభించింది. అయితే ఆలస్యంగా పెట్టడానికి కూడా అందులో వీలున్నది. గంట మోగినప్పుడు వంటింట్లో ఉన్నవాడు సాయంత్రం షికారుకు వెళ్లేదాకా ఆగవచ్చును. సహజత్వానికి కూడా ముస్తాబు చేయగలవాడు మనిషి.

ఇంత చెప్పినా, అన్నీ విప్పి చెప్పడమే నిజాయితీ అని నా అభిప్రాయం కాదు. మన కళాశాల విద్యార్థినులలో అనేకులు తమ ఫోటోకు బదులు ఒక పువ్వునో, మసీదు గుమ్మటాన్నో, మేనకోడలి నవ్వునో పెట్టుకుంటారు. అందులో ఎవరినీ మోసగించడం లేదు. చూపనని చెప్పకనే చెప్పడం అది. లోపాన్ని కప్పడం, దుఃఖాన్ని సబ్ర్‌తో ఓర్చుకోవడం మన సంస్కృతి మెచ్చిన గుణాలు. ఇంటి కష్టాన్ని వీధిలో చెప్పనివాడు అబద్ధీకుడు కాడు. కాని ఎదురింటి కుర్రవాడు ఎదురుగా వచ్చి "అన్నా, అక్కడ ఎట్లా ఉన్నది? నేనూ రావచ్చునా?" అని అడిగిననాడు కూడా ఆ ఫోటోనే చూపితే అది సబ్ర్ కాదు, వంచన. స్టేటస్‌లో దాచినదానిని అడిగినవానికి చెప్పడం అతని బాధ్యత. సంబంధం మాట్లాడడానికి వచ్చినవారికి, అప్పు ఇచ్చేవారికి, చదువు గురించి సలహా అడిగే తమ్మునికి కూడా ఇదే వర్తిస్తుంది.

చివరగా సంస్థల మాట. వ్యక్తులను గురించి ఇంత మాట్లాడి, సంస్థలను వదలడం న్యాయం కాదు. కళాశాలల పుటలలో ర్యాంకు వచ్చినవారి చిత్రాలే ఉంటాయి. మధ్యలో చదువు మానేసినవారు ఎందరో ఉండదు. రంజాను మాసం వచ్చిందంటే బియ్యం, నూనె, ఖర్జూరాల సంచీలు పంచే ఫోటోలు వస్తాయి. ఇచ్చే చేతులు నాలుగైదు ఒకే సంచీని పట్టుకొని ఉంటాయి. పుచ్చుకొనే వృద్ధురాలు తలవంచుకొని ఉంటుంది. దానం బహిరంగంగా చేయడం మంచిదేనని, రహస్యంగా పేదలకు అందించడం మరింత మేలని ఖుర్ఆన్‌లోని బఖరా సూరా 271వ వాక్యం చెబుతున్నది. నలుగురికి ప్రోత్సాహం కలగాలంటే ఫోటో వేయవచ్చును. చందా ఇచ్చినవారికి లెక్క చూపడానికి కూడా అది అవసరమే. అయితే ఆ ముఖం ఎందుకు? స్కాలర్‌షిప్పు చెక్కు అందుకొన్న బాలిక ఫోటోను ఆమె తరగతివారంతా చూస్తారు, కొన్నేళ్లకు ఆమె అత్తవారూ చూస్తారు. ఆమె తన స్టేటస్‌లో ఏమి దాచుకోవాలో ఆమె నిర్ణయించుకోగలదు. మనం పెట్టినదానిని ఆమె తొలగించలేదు. రాబోయే విద్యాసంవత్సరంలో పేద విద్యార్థులకు పుస్తకాలు పంచేనాడు ఫోటో తీయించవలసివస్తే, బల్లమీద పేర్చిన పుస్తకాల కట్టలను తీయిస్తే చాలునని కళాశాల కమిటీవారికి నా మనవి.