లినక్సు సర్వీసులను లేపేదెవరు?

పట్టిసీమ ఎత్తిపోతల పథకంలో 24 పంపులు గోదావరి నీటిని తోడి పోలవరం కుడికాలువలో పోస్తాయి. కరెంటు అందకముందే మోటారు మీట నొక్కితే చుక్క నీరు రాదు. ఏది ముందో, ఏది తరవాతో తెలిసినవారు దగ్గరుండాలి. లినక్సు కంప్యూటరును ఆన్ చేసినప్పుడూ అంతే. డిస్కులు, నెట్‌వర్కు, వెబ్ సర్వరు వరసగా లేవాలి. ఆ వరస చూసుకునే ప్రోగ్రామే సర్వీసు మేనేజరు.

చిక్కేమిటంటే, ఈ మేనేజర్లు చాలామంది, ఒక్కొక్కరిదీ ఒక్కో భాష. పాతదైన సిస్‌వీ ఇనిట్‌కు షెల్ స్క్రిప్టు కావాలి. సర్వీసును ఎలా మొదలుపెట్టాలో, ఎలా ఆపాలో అందులో అడుగడుగునా రాయాలి. 2010లో వచ్చిన సిస్టమ్‌డీకి ఏ ప్రోగ్రాము నడపాలో, అది దేని తరవాత లేవాలో కొన్ని పంక్తుల్లో చెబితే చాలు. ఓపెన్‌ఆర్‌సీ, రన్‌ఇట్‌ల పద్ధతులు మళ్లీ వేరు.

మరి ప్రోగ్రాములను ప్యాకేజీలుగా కట్టి పంచేవారు ఏ మేనేజరు కోసం రాయాలి?

డెబియన్ అనే లినక్సు పంపిణీలో చాలాకాలం సిస్‌వీ స్క్రిప్టునూ, సిస్టమ్‌డీ ఫైలునూ ఒకే ప్యాకేజీలో పెట్టారు. రెండిటికీ ఒకే పేరుంటే సిస్టమ్‌డీ తన ఫైలునే తీసుకుని స్క్రిప్టును వదిలేస్తుంది. పేర్లు కలవకపోతేనే ముప్పు: ఒకే సర్వరును రెండుసార్లు లేపబోతే, రెండోది పోర్టు ఖాళీ లేక ఆగిపోతుంది. అల్పైన్ అనే మరో పంపిణీ దారి వేరు. అక్కడ ఓపెన్‌ఆర్‌సీ ఫైలు విడిగా ఒక చిన్న ప్యాకేజీ. ఓపెన్‌ఆర్‌సీ ఉన్న యంత్రంలో సర్వరును ఎక్కిస్తే అదీ తనంతట వచ్చి చేరుతుంది. జెంటూ పంపిణీవారు మాత్రం ఇంత చిన్న ఫైళ్లకు లెక్కెందుకని ఓపెన్‌ఆర్‌సీ, సిస్టమ్‌డీ ఫైళ్లు రెండూ అందరికీ ఇచ్చేస్తారు.

తెలుగువారి ‘స్వేచ్ఛ’ ఆపరేటింగ్ సిస్టమ్ డెబియన్ మీద కట్టిందే. అందుకే డెబియన్ నిర్ణయాలు మనకు దూరపు సంగతులు కావు. 2014 ఫిబ్రవరిలో ప్రధాన మేనేజరు ఏదన్న దానిపై డెబియన్ సాంకేతిక కమిటీ ఓట్లు సమానంగా చీలితే, అధ్యక్షుడి నిర్ణాయక ఓటుతో సిస్టమ్‌డీ గెలిచింది. ఒప్పుకోనివారు విడిపోయి డెవ్యువాన్ అనే పంపిణీ మొదలుపెట్టారు. 2019 డిసెంబరులో డెబియన్ సభ్యులు మళ్లీ ఓటు వేశారు: సిస్టమ్‌డీయే ప్రధానం, ప్రత్యామ్నాయాల మీద పనిచేసేవారికి మాత్రం తోడ్పాటు ఉంటుంది.

ఆ తరవాత చాలా ప్యాకేజీలు పాత స్క్రిప్టులను తీసేశాయి. ఏళ్ల తరబడి ఒక్కో లోపం దిద్దుకుంటూ వచ్చిన ఫైళ్లవి. పారేస్తే వాటిని నమ్ముకున్న యంత్రాలకు దిక్కుండదు. కొందరు ఔత్సాహికులు వాటిని ఏరి ఒకే ప్యాకేజీలో చేర్చారు. దాని పేరు ‘ఆర్ఫన్ సిస్‌వీఇనిట్ స్క్రిప్ట్స్’, అంటే అనాథలైన స్క్రిప్టులు. సొంత ప్యాకేజీలు వదిలేసిన ఫైళ్లను ఇప్పుడు వీరే సాకుతున్నారు.