మాల్టు చీటీలోని అంకెలు – నూకల గిరాకీ

పట్టిసీమ: బీరు ఫ్యాక్టరీలకు నూకలు వేయదలచిన మన వర్తకులు తమ సరకు తేమనే గాక, మాల్టు లాటు వెంట వచ్చే పరీక్ష చీటీని కూడా చదవనేర్వవలసి వుంది. మాల్టు, నూకల పాళ్లను ఇప్పుడు కంప్యూటరు లెక్కకట్టి చెబుతోంది. అందులో అంకె తప్పుగా వేస్తే దెబ్బ తగిలేది ఆర్డరుకే.

బార్లీని మొలకెత్తించి ఆరబెట్టిన సరకే మాల్టు. చీటీలో సారం 80 శాతమని వుంటే అది సాధారణంగా తేమ తీసివేసిన లెక్క. తేమ 4.5 శాతమైతే కాటాపై తూగిన సరకులో సారం 76.4 శాతమే. టన్నుకు 36 కిలోల తేడా! ధాన్యంలో 17 శాతం తేమ హద్దుతో వేగేవారికి వేరే చెప్పనక్కరలేదు.

రంగు విషయంలో యూరపు ఇ.బి.సి. అంకె అమెరికా అంకెకు దాదాపు రెట్టింపని గుర్తుంచుకుంటే చాలు.

అసలు చూడవలసినది పిండిని చక్కెరగా మార్చే శక్తి. నూకల్లో పిండి దండిగా వున్నా ఈ శక్తి లేదు; మాల్టే అరువివ్వాలి. దీనికి విండిష్-కోల్‌బాక్, లింట్నర్ అని రెండు కొలతలు. మొదటిదానిలో 250 అంటే రెండవదానిలో సుమారు 76. మిశ్రమానికి సగటున 35 లింట్నర్ అయినా వుండాలని వాడుక. 250ని పొరపాటున లింట్నర్ గడిలో వేస్తే నూకలు 80 పాళ్లయినా ఫరవాలేదంటుంది యంత్రం. నిజానికి సగం దాటితే చిక్కే. పిండి చక్కెర కాక మిగిలిపోతుంది. తప్పు బయటపడిన రోజున తగ్గించేది నూకలనే. పెద్ద ఆర్డరు వచ్చినప్పుడు లారీ ఎత్తకముందే ఏ కొలతపై లెక్కకట్టారో కొనుగోలుదారు చేత రాయించుకొనుట మంచిది.