ప్రొపెల్లర్ మొదలు లావైతే ఇంజనుకు వేడి

కయత్తారు: కోవిల్‌పట్టి నుంచి తిరునెల్వేలి వెళ్ళే దారిలో కయత్తారు వచ్చిందంటే బస్సు కిటికీలోంచే తెలిసిపోతుంది. ఎటు చూసినా గాలిమరలే. వాటిని పరీక్షించే కేంద్ర ప్రభుత్వ కేంద్రం కూడా ఈ ఊళ్ళోనే ఉంది. ఈసారి అటు వెళ్తే రెక్క మొదలు చూడండి. కొస కత్తిలా పల్చగా ఉంటే, మొదలు గుండ్రటి గొట్టంలా ఉంటుంది. బరువంతా అక్కడే పడుతుంది మరి. ఆ గుండ్రటి భాగం గాలిని పెద్దగా పట్టదు. అయినా గాలిమరకు నష్టం లేదు. లోపలి జనరేటరును చల్లబరిచే ఏర్పాటు వేరే ఉంది.

చిన్న విమానానికి ఆ వెసులుబాటు లేదు. శిక్షణకు ఎక్కువగా వాడే సెస్నా 172 ఇంజనుకు రేడియేటరే ఉండదు. బైకు ఇంజనుకు ఉన్నట్టే సిలిండర్ల చుట్టూ పల్చటి ఫిన్నులుంటాయి. ముక్కు దగ్గరున్న రెండు కంతల్లోంచి గాలి దూరి, ఆ ఫిన్నుల సందుల్లోంచి కిందికి దిగిపోవాలి. పైన ఎగిరేటప్పుడు వేగమే గాలిని లోపలికి తోస్తుంది. నేలమీద నిలబడి ఉన్నప్పుడు మాత్రం ప్రొపెల్లరే దిక్కు. తమాషా ఏమిటంటే, ఆ కంతలు ఉండేది ప్రొపెల్లర్ కొస వెనకాల కాదు, మొదలు వెనకాల.

చిక్కంతా ఇక్కడే. అల్యూమినియం గట్టిది కాబట్టి మొదలు దగ్గర కూడా రెక్కను కాస్త పల్చగా, వాలుగా చేయొచ్చు. అది ఎంతో కొంత గాలిని కంతల్లోకి విసురుతుంది. చెక్కతో అలా కుదరదు. విరక్కుండా ఉండాలంటే మొదలు లావుగా, మొద్దుగా చెక్కాల్సిందే. చెక్క తేలిక, ఇంజనుకు కుదుపు తక్కువ, చూపుకూ బాగుంటుంది. గాలి విసరడంలో మాత్రం వెనకబడుతుంది. కార్బన్ ఫైబరుతో ఎంత పల్చగానైనా చేయొచ్చు గానీ, వాటిలోనూ చాలావాటికి మొదలు గుండ్రంగానే ఉంటుంది. అంటే తేడా తెచ్చేది సరుకు కాదు, ఆ సరుకు వల్ల వచ్చిన ఆకారం. లోహపు ప్రొపెల్లర్ ఇంజను వేడిని పీల్చేసుకుంటుందని కొందరంటారు గానీ అది లెక్కలోకి వచ్చేంత కాదు. పొగ గొట్టంలోంచి పోగా మిగిలిన వేడిని మోసేది ఫిన్నుల మీది గాలి, ఇంజను ఆయిలు.

పెద్ద విమానాలూ ఈ బాధ పడ్డాయి. 1944లో ఖరగ్‌పూర్ చుట్టుపక్కల దిగిన అమెరికా బీ-29 బాంబర్లకు మన ఎండల్లో ఇంజన్లు కాగిపోయేవి. తర్వాత కొన్ని బీ-29లకు ప్రొపెల్లర్ గుండ్రటి మొదలు చుట్టూ రెక్క ఆకారంలో తొడుగులు వేశారు, ఇంజనుకు గాలి ఎక్కువ తగలాలని.

కోవిల్‌పట్టి దగ్గరి రన్‌వే మీద విమాన శిక్షణ పాఠశాల పెట్టాలన్న ప్రతిపాదన ఉంది కాబట్టి ఇది మనకు దూరపు ముచ్చట కాదు. చిన్న విమానాల ఇంజను చల్లదనాన్ని పరీక్షించడానికి అమెరికా నిబంధనల్లో చాలాకాలం పెట్టుకున్న కొలత 100 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే సుమారు 38 సెల్సియస్. మన నల్లరేగడి నేలల్లో మే నెల మధ్యాహ్నం దాన్ని దాటడం వింతేం కాదు. సెస్నా 172 సిలిండరు తలకు గరిష్ఠ హద్దు 260 డిగ్రీలు. హద్దు దాకా పోనివ్వకుండా ఉంటేనే ఇంజను ఎక్కువ కాలం మన్నుతుంది. ప్రొపెల్లర్ మార్చాలన్నా ఆ విమానానికి ఆమోదం ఉన్నదే బిగించాలి, తేలికగా దొరికిందని కాదు. సిలిండర్ల చుట్టూ గాలిని దారి మళ్ళించే రేకుల అంచున రబ్బరు చిరిగితే మాత్రం ఏ ప్రొపెల్లరూ ఆదుకోదు.

నేలమీద ఇంజను పరీక్షించేటప్పుడు ముక్కును గాలికి ఎదురుగా తిప్పి నిలపాలని పైలట్లకు మొదట్లోనే నేర్పుతారు. కయత్తారులో గాలికి కొదవేముంది అనుకోవచ్చు. సెంగోట కనుమలోంచి గాలిమరలను తిప్పే గాలి జోరందుకునేది నైరుతి రుతుపవనాలతోనే. ఏప్రిల్‌లో ఎండ ముందొచ్చేస్తుంది.