అపోహలు – వాస్తవాలు: స్టార్లు పెరిగితే సముద్రం మారదు

మాల్దీవులకు వెళ్లి ఉసూరుమంటూ తిరిగొచ్చేవాళ్లూ ఉంటారు. ఫొటోలో చూసిన బీచ్ అక్కడ లేదని, ఉన్నన్నాళ్లూ ముసురేనని, బిల్లు అనుకున్నదానికి ఎక్కడికో పోయిందని వాపోతారు. విన్నవాళ్లు ఇచ్చే సలహా ఒకటే: ఇంకాస్త డబ్బు పెట్టి పెద్ద రిసార్ట్ తీసుకోవాల్సింది! అసలు అపోహ ఈ సలహాలోనే ఉంది. రిసార్ట్‌కుండే స్టార్లు గది గురించి, భోజనం గురించి, సిబ్బంది మర్యాద గురించి చెబుతాయి. ఆ దీవి ఎలా ఉంటుందో, ఏ నెలలో ఎలా మారుతుందో చెప్పవు. డబ్బుతో దొరికేదేది, దొరకనిదేది అన్నది ముందే తేల్చుకోకపోవడం వల్లే ఇలాంటి నిరాశల్లో చాలావరకు పుడుతున్నాయని నా అభిప్రాయం. ఆ రెండింటినీ కలగలిపి అమ్మేవి ప్రకటనలు.

ముందు బీచ్ సంగతి చూద్దాం. మాల్దీవుల్లో దాదాపు 1,200 దీవులున్నాయి. పగడాలు విరిగి, వాటిని చిలుక చేపలు కొరికి నమిలి వదిలితే తయారైన ఇసుక మేటలే అవన్నీ. సముద్ర మట్టానికి వాటి సగటు ఎత్తు మీటరున్నర. ఇలాంటి నేల ఒకచోట కుదురుగా ఉండదు. చాలా చిన్న దీవుల్లో నైరుతి రుతుపవనాల అలలు పడమటి ఒడ్డు ఇసుకను తోసుకెళ్లి తూర్పున పోస్తాయి, ఈశాన్య గాలులు మొదలయ్యాక అది మళ్లీ వెనక్కి వస్తుంది. ఫిబ్రవరిలో పడమటి ఒడ్డు విల్లా ముందు విశాలంగా పరుచుకున్న బీచ్, ఆగస్టులో నాలుగడుగుల ఇసుక పట్టీగా మిగలొచ్చు. దాని అంచున కోత ఆపడానికి పేర్చిన బస్తాలు కనిపించొచ్చు. కొన్ని రిసార్టులు సముద్రం అడుగు నుంచి పంపులతో ఇసుక తోడి ఒడ్డున పోయిస్తుంటాయి కూడా. అంటే ఫొటో నిజమైనదే కావచ్చు, మనం వెళ్లిన నెలది మాత్రం కాదు.

నీళ్ల మీద కట్టిన విల్లా తీసుకుంటే మెట్లు దిగగానే రంగురంగుల చేపలు కనిపిస్తాయన్నది ఇంకో నమ్మకం. సాధారణంగా జరిగేది దీనికి విరుద్ధం. ఆ లేత నీలం రంగు రావడానికి కారణం లోతు తక్కువగా ఉండి, అడుగున తెల్లని ఇసుక ఉండటం. ఇసుక పరుచుకున్నచోట పగడాలు తక్కువ, పగడాలు లేనిచోట చేపలూ తక్కువే. చేపలు చూడాలంటే ఒడ్డుకు దగ్గర్లో పగడపు దిబ్బ ఉన్న దీవిని ఎంచుకోవాలి, అక్కడ నీళ్ల రంగు ముదురుగా ఉంటుంది. పైగా సముద్రం వేడెక్కి 1998లోనూ, 2016లోనూ ఇక్కడి పగడాలు పెద్దఎత్తున పాలిపోయాయి. 1998కి ముందు తీసిన డాక్యుమెంటరీల్లోని రంగులు ఇవాళ ప్రతి దీవి దగ్గరా ఉంటాయనుకోవడం అత్యాశే. రాత్రిపూట నక్షత్రాలు రాలినట్టు మెరిసే తీరం కూడా అంతే. ఆ వెలుగు సూక్ష్మజీవులది. అవి ఎప్పుడు, ఎక్కడ గుమిగూడతాయో ఎవరూ హామీ ఇవ్వలేరు. కెమెరా చాలా సెకన్లు కాంతిని పోగుచేసుకుని తీసిన ఫొటోలో కనిపించినంత ప్రకాశం మామూలు కంటికి కనిపించదు.

ఆఫ్ సీజన్ తగ్గింపు పూర్తిగా లాభమే అన్నది కూడా సగం నిజమే. మే నుంచి అక్టోబరు దాకా ధర తగ్గడానికి కారణం వాన, గాలి, అలల పోటు. అయితే బా అటాల్ అనే పగడపు దీవుల వలయంలోని హనీఫారు అఖాతంలో మాంటా రే చేపలు గుంపులుగా చేరేది సరిగ్గా ఈ కాలంలోనే. కాబట్టి ఏం చూడటానికి వెళ్తున్నామన్నదాన్ని బట్టే నెల మంచిదో కాదో తేలుతుంది.

ఇక డబ్బు. ఇక్కడ ప్రకృతి మీద నెపం వేయడానికి వీల్లేదు. పన్నులు కలపకుండా రాత్రికి 500 డాలర్లని చూపించిన గదినే తీసుకోండి. దానికి 10 శాతం సర్వీస్ చార్జి కలిస్తే 550. దానిపై పర్యాటక జీఎస్టీ, 2025 జులై నుంచి 17 శాతం, కలిస్తే 643 దాటుతుంది. గ్రీన్ ట్యాక్స్ మనిషికి రోజుకు 12 డాలర్ల చొప్పున ఇద్దరికీ కలిపితే మొత్తం 667 పైమాటే. సీప్లేన్ ఎక్కాల్సిన దీవైతే రానూపోనూ ఒక్కొక్కరికి మరో నాలుగైదు వందల డాలర్లు పడటం మామూలే. ఆ విమానాలు పగటిపూటే ఎగురుతాయి. సాయంత్రం రాజధాని మాలేలో దిగినవాళ్లు ఆ రాత్రికి అక్కడే మరో గది వెతుక్కోవాలి. ఒక దీవికి ఒకటే రిసార్ట్ కాబట్టి మంచినీళ్ల సీసా ధర ఎక్కువనిపించినా పక్క కొట్టుకు పోయే వీలుండదు. ఇదంతా తప్పించుకోవడానికి స్థానికులుండే దీవిలో గెస్ట్‌హౌస్ తీసుకోవచ్చు, ఖర్చు బాగా తగ్గుతుంది. కానీ అక్కడ మద్యం నిషేధం, ఈత దుస్తుల్లో తిరగడానికి విడిగా కేటాయించిన బీచ్‌కే వెళ్లాలి.

అన్నీ ముందే తెలుసుకోవాలంటే తప్పంతా ప్రయాణికుడిదేనా అని అడగొచ్చు. కాదు. జీవితంలో ఒక్కసారి, ఏళ్ల తరబడి దాచుకున్న సొమ్ముతో వెళ్లే కొత్త దంపతుల నుంచి రుతుపవనాల పరిజ్ఞానం ఆశించడం అన్యాయం. వాన కురిపించింది రిసార్ట్ కాదు. కానీ ఏసీ పనిచేయకపోవడం, గదిలో బూజు వాసన, బుక్ చేసిన విల్లా బదులు వేరేది అంటగట్టడం, పక్కన నిర్మాణ పనులు సాగుతున్న సంగతి దాచడం పూర్తిగా దాని బాధ్యతే. పన్నులు కలపని ధరతో ఊరించిన ఏజెంటుకూ బాధ్యత ఉంది. మొదట తక్కువ ధర చూపి, తర్వాత ఒక్కొక్కటిగా కలుపుతూ పోవడాన్ని మన కేంద్ర ప్రభుత్వం 2023 నవంబరులో వెలువరించిన మార్గదర్శకాల్లో అనుచిత పద్ధతుల జాబితాలో చేర్చింది.

అందుకే అడ్వాన్స్ కట్టకముందే మూడు విషయాలు రాతపూర్వకంగా అడగండి: మేం వచ్చే నెలలో ఈ విల్లా ముందు బీచ్ ఎంత ఉంటుంది, పగడపు దిబ్బ ఎంత దూరం, విమానాశ్రయం నుంచి మళ్లీ విమానాశ్రయం దాకా అన్నీ కలిపి ఎంత? జవాబులు భద్రపరచుకోండి. మన దేశంలోని ఏజెంటు దగ్గర ప్యాకేజీ కొని మోసపోతే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915.