ఇందిరమ్మ ఇల్లు: ముగ్గు పోసే ముందే ఎండ సంగతి, నీళ్ల సంగతి చూసుకోండి

ఇందిరమ్మ ఇంటికి ఇచ్చే 5 లక్షల రూపాయలు నాలుగు విడతల్లో వస్తాయని మీకు తెలుసు. బేస్‌మెంట్ అయ్యాక ఒకటి, గోడలు లేచాక ఒకటి, స్లాబ్ పడ్డాక ఒకటి, ఇల్లు పూర్తయ్యాక ఒకటి. ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, 600 దాటకూడదు. ఆ కొలతలోనే ఇల్లు చల్లగా ఉండేలా, నీళ్లు వృథా కాకుండా ఎలా కట్టుకోవాలో ఈసారి చూద్దాం.

స్లాబ్ ఇల్లు ఎందుకు ఉడుకుతుంది?

"పెంకుటింట్లోనే చల్లగా ఉండేది" అని ఊళ్లలో చాలామంది అంటారు. అది నిజమే. పెంకుల సందుల్లోంచి వేడిగాలి బయటికి పోతుంది. కాంక్రీటు పగలంతా ఎండను పీల్చుకుని రాత్రి ఇంట్లోకి వదులుతుంది. ఇంట్లో పసిపిల్లలు, ముసలివాళ్లు ఉంటే వడదెబ్బ భయం ఇంటి లోపల కూడా ఉన్నట్టే.

దీనికి విరుగుడు ముగ్గు పోసే రోజే మొదలవ్వాలి. కిటికీలు ఎదురెదురు గోడల్లో పెట్టించండి, అప్పుడే గాలి ఆడుతుంది. స్లాబ్ కింద గోడపైన వెంటిలేటర్లు తప్పనిసరిగా అడగండి. మేస్త్రీలు వీటినే ముందు ఎగ్గొడతారు. పడమర గోడకు పెద్ద కిటికీ వద్దు, పెడితే పైన సజ్జ ఉండాలి. ఆ పక్క జాగా ఉంటే వేపో, కానుగో నాటండి. ఇల్లయ్యాక స్లాబ్ మీద తెల్ల సున్నం రెండు పూతలు వేయండి. తెలుపు ఎండను తిప్పికొడుతుంది. రాష్ట్రం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ పాలసీ చెప్పేదీ ఇదే. వానలకు సున్నం కొట్టుకుపోతుంది కాబట్టి ఏటా ఎండలు ముదరకముందే మళ్లీ వేసుకోవాలి.

ఇటుక ఏది?

మట్టి ఇటుకకు పొలం పైమట్టి పోతుంది, బట్టీలో కాల్చడానికి బొగ్గో, కట్టెలో, ఊకో కావాలి. థర్మల్ కేంద్రాల బూడిదతో చేసే ఫ్లైయాష్ ఇటుకను కాల్చే పనే లేదు. అయితే నాసిరకం కూడా అమ్ముతున్నారు, చూసి కొనండి. పొడి ఇటుకను తూకం వేసి, 24 గంటలు నీళ్లలో ఉంచి మళ్లీ తూయండి. 3 కిలోల ఇటుక 3.6 కిలోలు దాటితే ఆ లోడు దించుకోవద్దు.

పాత ఇల్లు కూల్చి కడుతున్నవాళ్లు ఆ రాళ్లు, ఇటుక ముక్కలు పారేయకండి. బేస్‌మెంట్ నింపడానికి పనికొస్తాయి.

నీళ్ల దగ్గర పొదుపు ఎక్కడ చేయాలి?

క్యూరింగ్‌లో మాత్రం వద్దు. నీళ్లు సరిపడా పట్టని స్లాబ్ బీటలు వేసి కురుస్తుంది. పీపీసీ సిమెంటు అయితే కనీసం 10 రోజులు, ఎండాకాలంలో 14 రోజులు తడి ఆరనివ్వకూడదు. పైపు పట్టుకుని కొడితే సగం నీళ్లు కింద పోతాయి. స్లాబ్ మీద చిన్న మళ్లు కట్టి నీళ్లు నిలపండి, పిల్లర్లకు తడి గోనె సంచులు చుట్టండి.

స్లాబ్ మీద పడే వాననీళ్లను పైపుతో ఇంకుడు గుంతలోకి దింపండి. గుంత పునాదికి 10 అడుగుల దూరంలో ఉండాలి. అడుగున పెద్ద రాళ్లు, వాటిపైన కంకర, ఆపైన ఇసుక వేయాలి. మరుగుదొడ్డి నీళ్లు అందులోకి వదలొద్దు.

కిటికీలు, సజ్జలు, గుంత ఎక్కడెక్కడ రావాలో కాగితం మీద గీసుకుని, ముగ్గు పోసే రోజు హౌసింగ్ ఏఈకి, మేస్త్రీకి ఇద్దరికీ చూపించండి. గోడలు లేచాక కిటికీ జరపాలంటే ఆ ఖర్చు మీదే, దానికి విడత డబ్బు రాదు.