మొదటిసారి వచ్చారా? అయితే మాట్లాడండి

వెబ్ డెవలపర్ల వార్షిక సభల్లో వేదిక పెద్దలది కాదు, చెప్పడానికి ఏదైనా ఉన్నవాళ్ళది. ఢిల్లీ పరిసరాల్లో 2006లో నాటుకున్న ఈ ఆనవాయితీ ఎందరికో దారి చూపింది. అయితే ఆ తలుపు ఇంకా సగమే తెరుచుకుంది

సభ అనగానే మనకు తెలిసిన తంతు ఒకటుంది. జ్యోతి ప్రజ్వలన, గంట ఆలస్యంగా వచ్చే ముఖ్య అతిథి, శాలువాలు, పుష్పగుచ్ఛాలు, వేదికనలంకరించిన పెద్దల పేర్లు ఒకటికి రెండుసార్లు చదివే వ్యాఖ్యాత. కింద కూర్చున్నవాళ్ళ పని చప్పట్లు కొట్టడం, భోజనాల వేళ కోసం వాచీ చూసుకోవడం. 2006 మార్చి 4న నోయిడాలోని అడోబ్ కార్యాలయంలో సమావేశమైన వెబ్ డెవలపర్లు ఈ తంతును తిరగేశారు. వాళ్ళు ఎంచుకున్న పద్ధతిలో ముఖ్య అతిథి ఉండడు. వక్తల జాబితా ముందుగా ఖరారు కాదు. ఏ గదిలో, ఏ గంటకు, ఎవరు ఏం చెబుతారన్నది వచ్చినవాళ్ళే ఆ ఉదయం తేల్చుకుంటారు. పైగా ఒక నియమం: మొదటిసారి వచ్చినవాళ్ళు ఏదో ఒకటి మాట్లాడాలి. భయమైతే ఇంకొకరిని తోడు తెచ్చుకోవచ్చు. అదీ చేతకాకపోతే ప్రశ్నలైనా వేయాలి. ఊరికే కూర్చుని వెళ్ళిపోతామంటే కుదరదు.

ఆ సభ పేరు బార్‌క్యాంప్ ఢిల్లీ. దాని మూలాలు అమెరికాలో ఉన్నాయి. అక్కడి ప్రచురణకర్త టిమ్ ఓరైలీ నిర్వహించే ఫూ క్యాంప్‌లో ఆహ్వానం అందినవాళ్ళకే ప్రవేశం. దానికి జవాబుగా 2005 ఆగస్టులో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో కొందరు 'ఎవరైనా రావచ్చు' అంటూ బార్‌క్యాంప్ మొదలుపెట్టారు. మన లెక్కల పుస్తకాల్లో రాముడు, సోముడు ఉన్నట్టే ప్రోగ్రామర్లు తమ ఉదాహరణల్లో 'ఫూ', 'బార్' అనే ఉత్తుత్తి పేర్లు వాడతారు. ఫూకు జోడు బార్. పేరులోని చమత్కారం అంతే. ఏడాది తిరగకుండానే అది నోయిడా చేరింది.

పెన్‌డ్రైవ్‌ల తంటా

ఢిల్లీ సభ నిర్వాహకుల్లో ఒకరు జొనాథన్ బూటెల్. వ్యవస్థాపకులు తర్వాతి రోజుల్లో చెప్పిన కథ ప్రకారం, అసలు చిక్కు ప్రసంగాల దగ్గర కాదు, స్లైడ్ల దగ్గర వచ్చింది. విన్నవాళ్ళంతా స్లైడ్లు కావాలన్నారు. వాటిని అందరికీ చేర్చే తేలిక మార్గం లేక పెన్‌డ్రైవ్‌లు చేతులు మారాయి. ఫొటోలు పెట్టుకోవడానికి ఫ్లికర్ ఉంది, వీడియోలకు యూట్యూబ్ వచ్చింది, మరి స్లైడ్లకు ఎందుకు లేదన్న ప్రశ్న పుట్టింది.

సరిగ్గా ఏడు నెలలకు, 2006 అక్టోబర్ 4న, దానికి జవాబుగా స్లైడ్‌షేర్ తెరుచుకుంది. బూటెల్‌తోపాటు ఆయన భార్య రష్మీ సిన్హా, ఆమె సోదరుడు అమిత్ రంజన్ దాని వ్యవస్థాపకులు. రష్మి అలహాబాద్‌లో సైకాలజీ చదివి, అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయంలో పరిశోధన పూర్తి చేశారు. కంపెనీ ఒక కాలు శాన్‌ఫ్రాన్సిస్కోలో, రెండోది న్యూఢిల్లీలో. చూస్తుండగానే ప్రపంచంలో ఎక్కడ సభ జరిగినా వక్తలు తమ స్లైడ్లను అందులో పెట్టడం మామూలైపోయింది. 2012 మేలో లింక్డ్‌ఇన్ దాన్ని సుమారు 11.9 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. 2020లో అది స్క్రిబ్డ్ చేతికి వెళ్ళింది. అమిత్ రంజన్ ఆ తర్వాత ప్రభుత్వం వైపు వచ్చారు. 2015లో మొదలైన డిజిలాకర్ రూపశిల్పుల్లో ఆయన ఒకరు. ఇవాళ డ్రైవింగ్ లైసెన్సును, మార్కుల జాబితాను ఫోనులో చూపించే తెలుగువాడికి నోయిడాలోని ఆ శనివారం సంగతి తెలిసి ఉండకపోవచ్చు.

ప్రతి సభా ఒక కంపెనీని కనదు. అయితే ఈ ఉదంతం చెప్పే సంగతి వేరు. కొత్త ఆలోచన వచ్చింది వేదిక మీది ప్రసంగంలోంచి కాదు. తోటివాళ్ళు చెప్పింది ఇంటికి పట్టుకెళ్ళాలనుకున్న శ్రోతల అవసరంలోంచి.

జేఎన్‌యూలో పైథాన్

పదేళ్ళ తర్వాత, 2016 సెప్టెంబర్ 23 నుంచి 25 దాకా, ఢిల్లీ మరో పెద్ద సభకు వేదికైంది. పైథాన్ భాషలో ప్రోగ్రాములు రాసేవాళ్ళ జాతీయ సమావేశం పైకాన్ ఇండియా 2009లో బెంగళూరులో మొదలైంది. 2011లో పుణే వెళ్ళడం తప్పిస్తే బెంగళూరు దాటలేదు. తొలిసారి ఢిల్లీకి వచ్చి జేఎన్‌యూలో దిగింది. అదే ఏడాది ఫిబ్రవరిలో నినాదాలు, దేశద్రోహం కేసులతో పతాక శీర్షికలకెక్కిన ప్రాంగణంలోకి సెప్టెంబర్‌లో ల్యాప్‌టాప్‌లు భుజాన వేసుకున్న మరో రకం జనం వచ్చారు. మరుసటి ఏడాది నవంబర్‌లో కూడా సభ ఢిల్లీలోనే, రోహిణిలోని షహీద్ సుఖ్‌దేవ్ కాలేజీలో జరిగింది.

పైథాన్ పుట్టింది 1991లో అయినా వెబ్ పనికి అది విరివిగా వాడుకలోకి రావడం వెనుక ఒక పత్రికాఫీసు ఉంది. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో లారెన్స్ జర్నల్-వరల్డ్ అనే స్థానిక దినపత్రిక వెబ్‌సైట్ కోసం ఇద్దరు ప్రోగ్రామర్లు రాసుకున్న పనిముట్ల పెట్టె జాంగో. వార్తలు గంటల్లో వెబ్‌కు ఎక్కాలి కాబట్టి పని వేగంగా సాగేలా దాన్ని మలిచారు. 2005లో అందరికీ ఉచితంగా ఇచ్చేశారు. ఇన్‌స్టాగ్రామ్ సర్వర్ల వెనుక నడిచేది జాంగోనే. పైకాన్‌కు వచ్చే గణిత శాస్త్రవేత్తల పక్కన, డేటా నిపుణుల పక్కన వెబ్ డెవలపర్లు పెద్ద సంఖ్యలో కనిపించడానికి కారణం అదే.

ఈ సభలో బార్‌క్యాంప్ మాదిరి అప్పటికప్పుడు మైకు అందుకోవడం ఉండదు. వక్త కావాలంటే నెలల ముందే ప్రతిపాదన పంపాలి. ఏం చెబుతారు, ఎవరికోసం, వినేవాళ్ళకు ముందుగా ఏం తెలిసి ఉండాలి, రాసిన కోడ్ ఎక్కడుంది అన్నవి వివరించాలి. ఢిల్లీ సభల నాటికి ఈ ప్రతిపాదనలన్నీ జంక్షన్ అనే సాఫ్ట్‌వేర్‌లో బహిరంగంగా కనిపించేవి. ఎవరైనా చదవొచ్చు, వ్యాఖ్య రాయొచ్చు, ఓటు వేయొచ్చు. సమీక్షకులు అడిగిన ప్రశ్నలకు అందరి ముందే జవాబివ్వాలి. ఆ జంక్షన్ కూడా ఆ సంఘం సభ్యులు రాసుకున్నదే. నచ్చకపోతే దాన్నే సరిదిద్దవచ్చు.

సభ నడిపేది వేతనాలు లేని కార్యకర్తలు. దీని వెనుక ఉన్న పైథాన్ సొసైటీ లాభాపేక్ష లేని సంస్థ. దానికి ఊపిరిపోసిన కెన్నెత్ గోన్సాల్వెస్ దాదాపు దశాబ్దంపాటు దేశమంతటా కొత్త ప్రోగ్రామర్లకు చేయూతనిచ్చారు. ఆయన 2012లో మరణించాక పైకాన్ ఇండియాలో ఏటా ఇచ్చే పురస్కారానికి ఆయన పేరే పెట్టారు.

నలభై నిమిషాల వెనుక

ఇక్కడే ఈ సభల అసలు విలువ తేలుతుంది. మన దేశంలో ఇంజనీరు భవిష్యత్తును చాలావరకు తేల్చేది పదిహేడో ఏట రాసిన ఒక ప్రవేశ పరీక్ష. ర్యాంకును బట్టి కాలేజీ, కాలేజీని బట్టి క్యాంపస్‌కు వచ్చే కంపెనీలు. పేరున్న కాలేజీలో సీటు రాని విద్యార్థికి తనకు పని వచ్చని నిరూపించుకునే చోటు దొరకడం కష్టం. సభకు ప్రతిపాదన పంపేటప్పుడు ఎంసెట్ ర్యాంకు రాయనక్కర్లేదు. కోడ్ పనిచేస్తుందా, చెప్పేది ఇతరులకు ఉపయోగపడుతుందా అన్నవే ప్రశ్నలు.

మాట్లాడటం మాత్రం తేలిక కాదు. సభలో ప్రసంగం సాధారణంగా అరగంట, ముప్పావు గంట. దానికి సిద్ధం కావడానికి వారాలు పడుతుంది. పని చేసేటప్పుడు 'ఏదో నడుస్తోందిలే' అని వదిలేసిన చోటల్లా, వివరించేటప్పుడు తెలియనితనం బయటపడుతుంది. బోధిస్తేగానీ బోధపడదన్న పంతుళ్ళ అనుభవం ఇక్కడా అక్షరాలా నిజం. వేదిక మీద కోడ్ నడిపి చూపించబోతే సరిగ్గా అప్పుడే వైఫై పోతుంది. అనుభవజ్ఞులు అందుకే దాన్ని ముందుగా వీడియో తీసి దగ్గర పెట్టుకుంటారు. తర్వాత ప్రశ్నల ఘట్టం. మూడో వరుసలో కూర్చున్నది తాను రోజూ వాడే సాఫ్ట్‌వేర్ రాసిన వ్యక్తే కావచ్చు.

అంత ధైర్యం లేనివాళ్ళకు ఐదు నిమిషాల మెరుపు ప్రసంగాలున్నాయి. గంట కొట్టగానే దిగిపోవాలి. తడబడ్డా ఐదు నిమిషాలే కదా అన్న భరోసా ఎందరి చేతో మొదటిసారి మైకు పట్టించింది. ఇక వినడానికి వచ్చినవాళ్ళకు సగం లాభం నడవాల్లోనే. టీ వరుసలో నిలబడి చెప్పుకునే కష్టసుఖాల్లో దొరికే సలహా చాలాసార్లు ఏ స్లైడులోనూ కనిపించదు. ప్రసంగాలయ్యాక జరిగే స్ప్రింట్లలో ఉచిత సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళ పక్కన కూర్చుని తొలి తప్పును దిద్దిన విద్యార్థి, ఇంటికి వెళ్ళేసరికి దాని నిర్మాతల్లో ఒకడవుతాడు.

ఎవరికి మూసి ఉంది?

తలుపు తెరిచే ఉందనడం ఒకటి, అందరూ లోపలికి రాగలగడం మరొకటి. టికెట్, రైలు చార్జీ, మూడు రాత్రుల బస కలిస్తే చిన్న ఊరి విద్యార్థికి నెల ఖర్చు. విద్యార్థులకు రాయితీలు, కొందరికి ఆర్థిక సాయం ఉన్నా అందరికీ సరిపోవు. స్పాన్సర్ల డబ్బు లేనిదే హాలు అద్దె పుట్టదు, వాళ్ళ స్టాళ్ళు పెరిగేకొద్దీ సభ ఉద్యోగాల సంతలా మారే ప్రమాదమూ ఉంది.

మహిళల సంగతి మరీ ముఖ్యం. వాళ్ళు ముందుకు రారని చెప్పి చేతులు దులుపుకోవడం నిర్వాహకులకు అలవాటు. అమెరికా పైకాన్ లెక్కలు ఆ మాటను తేల్చిపారేశాయి. అక్కడి ప్రసంగాల్లో మహిళలు చేసినవి 2011లో 1 శాతం. 2012లో 7, 2013లో 15, 2014, 2015ల్లో 33, 2016లో 40 శాతమయ్యాయి. నిర్వాహకుల్లో ఒకరైన జెస్సికా మెకెల్లర్ ఈ అంకెలు బయటపెట్టారు. ఐదేళ్ళలో మహిళా ప్రోగ్రామర్లు ఆకాశం నుంచి ఊడిపడలేదు. నిర్వాహకులే ఒక్కొక్కరినీ వెతికి, 'మీరు ప్రతిపాదన పంపండి' అని నేరుగా అడిగారు. పిలుపు వేరు, ప్రకటన వేరు.

మూడో అడ్డంకి ఇంగ్లిష్. కోడ్ అద్భుతంగా రాసి, దాని గురించి ఇంగ్లిష్‌లో నాలుగు వాక్యాలు చెప్పలేక ఆగిపోయేవాళ్ళు తెలుగు జిల్లాల్లో తక్కువేమీ కాదు.

'జ్ఞా'తో కూలిన ఫోన్లు

వేదిక ఎక్కేదెవరన్నది మర్యాదకు సంబంధించిన ప్రశ్న మాత్రమే కాదు. 2018 ఫిబ్రవరిలో ప్రపంచవ్యాప్తంగా ఐఫోన్లు ఒక వింత జబ్బు పడ్డాయి. ఒక్క తెలుగు అక్షరం, ఒక ప్రత్యేకమైన కూర్పులో వచ్చిన 'జ్ఞా', సందేశంగా అందితే చాలు, ఆ యాప్ కుప్పకూలేది. యాపిల్ హడావుడిగా సవరణ విడుదల చేయాల్సి వచ్చింది. యూనికోడ్ తొలి కూర్పులోనే, 1991లో, తెలుగుకు చోటు దక్కింది. 27 ఏళ్ళ తర్వాత కూడా జ్ఞానంలోని మొదటి అక్షరాన్ని ప్రపంచంలోని అతి ఖరీదైన ఫోను భరించలేకపోయింది. ఒత్తులు, గుణింతాలు రోజూ రాసేవాళ్ళు పరీక్షించేవాళ్ళలో తగినంతమంది లేకపోతే ఇలాంటివి జనం చేతికి వచ్చాకే బయటపడతాయి. సమస్య ఎదుర్కొంటున్నవాళ్ళకు మైకు అందకపోతే, దాన్ని పరిష్కరించగలవాళ్ళ చెవికి ఎక్కదు.

హైదరాబాద్‌కు ఇలాంటి సభలు కొత్తకావు. 2011 మార్చి చివర హెచ్‌ఐసీసీలో అంతర్జాతీయ వరల్డ్ వైడ్ వెబ్ సభ జరిగినప్పుడు వెబ్ సృష్టికర్త టిమ్ బెర్నర్స్-లీ, మాజీ రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రసంగించారు. కానీ అది ప్రధానంగా పరిశోధకుల సభ. పైకాన్ ఇండియా ఢిల్లీ నుంచి 2018లో హైదరాబాద్ చేరింది, 2023లో మళ్ళీ వచ్చింది. మధ్యలో కోవిడ్ వల్ల ఆన్‌లైన్‌కు మారినప్పుడు రైలు చార్జీ మిగిలింది, టీ వరుస పోయింది. తెలుగులో ఉచిత సాఫ్ట్‌వేర్ కోసం 2005 నుంచి పనిచేస్తున్న స్వేచ్ఛ వంటి సంస్థలు, తెలుగు వికీపీడియా కార్యకర్తలు ఇక్కడ ఉన్నారు. తెలుగు అక్షరం స్క్రీను మీద ఎలా విరుగుతుందో, వెతికితే ఎందుకు దొరకదో చెప్పగలిగేది వాళ్ళే. ఆ మాట జాతీయ సభ వేదిక మీద వినిపించాలంటే ప్రతిపాదన పంపాలి. అందుకు కావలసింది పనిచేసే కోడ్, ఒక పేజీ వివరణ. ఆ పేజీ రాయడానికి కాలేజీల్లో పాఠం చెప్పేవాళ్ళు సాయపడితే, నిర్వాహకులు వక్తల కోసం బెంగళూరు, ఢిల్లీ దాటి వెతికితే, నోయిడాలో పెట్టుకున్న నియమం నరసరావుపేట దాకా చేరుతుంది.